మా అత్తమ్మ మూడు చూపులు

నిన్న పొద్దున పదకొండు గంటలప్పుడు వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఫోను టింగుమంది. చేతులు పైటకు తుడుచుకుని చూశాను. ఫోనులో సామాన్లు అమ్మే దుకాణం వాళ్ళ సందేశం. "మీరు చూసి వదిలేసిన వస్తువు మీ కోసం ఎదురు చూస్తోంది. ఇంకా రెండే మిగిలాయి" అని ఉంది. ఆ వస్తువు ఏమిటంటే, నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్. మొన్న మధ్యాహ్నం కునుకు పట్టక ఫోను తిప్పుతూ ఒక అర నిమిషం దాని వంక చూసిన మాట నిజమే. ఇంట్లో ఉండేది మేమిద్దరం, ఇద్దరం రిటైరైనవాళ్ళం. క్యారియర్ కట్టుకుని పోవలసిన చోటు ఈ భూమ్మీద మాకు ఎక్కడా లేదు. ఏ ఊళ్ళోనో ఏదో యంత్రం రాసి పంపిన రెండు ముక్కలవి, నా సంగతి దానికేం తెలుసు? అయినా "చూసి వదిలేసిన" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఇంక ఆగలేకపోయాను. చిక్కుడుకాయలు పక్కకు నెట్టి ముందు క్యారియర్ కొనేశాను. రేపు వస్తుందట.

సైనిక్‌పురిలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు మేడ మీది గది పుస్తకాల కోసం అనుకున్నాం. ఇప్పుడు దాన్నిండా విప్పని అట్టపెట్టెలున్నాయి. వాటిలో ఏమున్నాయో అన్నీ నాకూ గుర్తు లేవు. మూడు గొడుగులు, రెండు చపాతీ పీటలు, ఎవరి కాళ్ళకు పడతాయో చూసుకోకుండా కొన్న మేజోళ్ళు, మెడనొప్పికి ఒక దిండు, నడుంనొప్పికి ఒక దిండు, ఏ నొప్పీ లేనివాళ్ళకు ఇంకో దిండు. మావారు ఆ గదికి గోడౌన్ అని పేరు పెట్టారు. గేటు దగ్గర బెల్లు మోగినప్పుడల్లా "గోడౌన్‌కు సరుకొచ్చింది" అని లోపలికి కేకేస్తారు. ఆయన కోపం తెచ్చుకునే మనిషి కాదు. ఒక్కసారి మాత్రం, ఒక దిండు పెట్టెను మేడ మీదికి మోసి వచ్చి, ఆయాసం తీర్చుకుంటూ నెమ్మదిగా అడిగారు. "ఇంట్ల దిండ్లు లేక కొంటలేవు, నాకు తెల్సు. ఏం కొంటున్నవో జెర చెప్పు." అప్పుడు నేను మాట దాటేశాను. తెలియక కాదు, చెప్పడానికి నోరు రాక. ఎందుకంటే నేను పుట్టి పెరిగిన తీరు వేరు. ఒక్క చూపుతో సూదిని కూడా కొనని మనిషి చేతిలో పెరిగాను నేను.

ఆమె మా మేనత్త, మా నాన్నకు సొంత అక్క. మా అమ్మ నర్సు. వారం పగలు, వారం రాత్రి డ్యూటీలు. అందువల్ల నాకు జడలు వేసింది, అన్నం పెట్టింది, వీపు మీద రెండు తగిలించింది అంతా అత్తమ్మే. కార్ఖానా అనే బస్తీలో రెండు గదుల పెంకుటిల్లు మాది. అత్తమ్మకు పిల్లల్లేరు, ఆమెకు ఇరవై ఆరేళ్ళప్పుడే మామయ్య పోయాడు. మిలటరీవాళ్ళకు యూనిఫారాలు కుట్టే దర్జీలు చొక్కాలు మూటకట్టి ఆమెకు పంపేవాళ్ళు. వాటికి కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇవ్వడం ఆమె పని. వెలుతురు కోసం గడపలో కూర్చునేది. ఒకపక్క కుట్టాల్సిన ఖాకీ గుట్ట, ఇంకోపక్క కుట్టేసిన ఖాకీ గుట్ట, నడుమ తెల్ల చీరలో చిన్న మనిషి. కొత్త ఖాకీ బట్టకు గంజి వాసనలో నూనె వాసన కలిసినట్టు ఒక వాసన ఉంటుంది. ఇప్పటికీ కార్ఖానా వైపు ఆటోలో పోతూ ఉంటే ఎక్కడో ఒకచోట ఆ వాసన తగులుతుంది. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూస్తాను. ఆటో అతను అద్దంలోంచి నా వంక చూస్తాడు. నేను పైట సర్దుకుంటాను.

ఏ వస్తువు కొనాలన్నా అత్తమ్మకు మూడు చూపులు కావాలి. మొదటి చూపు దుకాణం బయట నిలబడి. మెట్టు ఎక్కకూడదు, ధర అడగకూడదు, దుకాణం అతని కళ్ళలోకి చూడకూడదు. ఒక వారం గడిచాక రెండో చూపు. అప్పుడు లోపలికి పోవచ్చు, చేతిలోకి తీసుకోవచ్చు, తిరగేసి బోర్లించి చూడవచ్చు, సరదాకు బేరం కూడా ఆడవచ్చు. కొనడానికి మాత్రం వీల్లేదు. కొందామన్నా ఆ రెండుసార్లూ ఆమె దగ్గర పైసలుండేవి కావు. పైసలు పెట్టుకునే గుడ్డసంచి ఒకటి ఉండేది, బొడ్డు దగ్గర చీర మడతలో దోపుకునేది. ఆ రెండు చూపులకూ అది ఇంట్లో బియ్యం డబ్బా వెనకే ఉండిపోయేది. ఇంకో వారం గడిచి, మనసు ఆ వస్తువు మీద ఇంకా ఉంటేనే మూడో చూపు. ఆ రోజు సంచి దోపుకుని బయల్దేరేది. సగానికి సగం వస్తువులు మూడో చూపు దాకా వచ్చేవే కావు, నడుమనే ఎక్కడో రాలిపోయేవి. అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ, ఆమె ముఖ్యంగా చూసుకునేది తన ఆశనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అది వారం తరువాత కూడా ఉందా, ఉంటే ఎంత ఉంది అని. అంత ఓపికగా తన మనసును తనే తిరగేసి చూసుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. మామయ్య ఒక్క చూపు మనిషట. జీతం రోజు దారిలో ఏది మెరిస్తే అది చంకన పెట్టుకుని వచ్చేవాడట. సైకిలు లేకుండానే సైకిలు గంట కొన్నాడు. ఒకసారి, లోపల చిలక లేకుండా ఇత్తడి పంజరం కొన్నాడు, ఎంత ముద్దుగా ఉందో చూడమని వాకిట్లో వేలాడదీశాడు. ఆ నెలలోనే ఆయనకు జ్వరం వచ్చింది. మంచాన పడ్డాక మందుకు పైసల్లేవు. ఈ సంగతి అత్తమ్మ నాకు ఒక్కసారే చెప్పింది, కాజా మీద నుంచి తలెత్తకుండా. "గా పంజరం అమ్ముదామని ఎత్తుకొని బజారంత తిరిగిన బిడ్డా. ఒక్కడు కొనలే. మంచిగుంది అన్నరు అందరు." అంతే చెప్పి దారం పంటితో తెంపింది. ఆమె ఏడవలేదు. నేనే ఆ రోజు అన్నం తినలేకపోయాను.

అయితే పన్నెండేళ్ళ పిల్లకు ఇలాంటి పద్ధతి ఎంత నరకమో నన్నడగాలి. రెజిమెంటల్ బజార్‌లో ఒక దుకాణం ముందు నీలం రంగు రెయిన్‌కోటు వేలాడుతూ ఉండేది, టోపీతో సహా. గాలికి అది చేతులూపుతూ నన్నే పిలుస్తున్నట్టుండేది. నేను దానివైపు ఒరిగితే చాలు, అత్తమ్మ నా కుడి మోచేతి దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని సన్నగా గిల్లేది. గిల్లుడు అంటే ఇది ఇంకా మొదటి చూపే అని అర్థం. రెండో చూపులో దాన్ని తొడుక్కుని చూశాను. టోపీ పెట్టుకుని దుకాణంలో అటూ ఇటూ నడిచాను. మూడో చూపుకు పోయేసరికి ఆ కొక్కేనికి ఒక ప్లాస్టిక్ బకెట్టు వేలాడుతోంది. బజారంతా వినపడేలా ఏడ్చాను. అత్తమ్మ మొహంలో మాత్రం ఏదో పెద్ద బరువు దిగినట్టు ఒక తేట. "పోయిందా? మంచిదాయె తియ్యి. ఉన్న గొడుగుకు కాడ ఏపిస్త" అంది. వేయించింది కూడా. ఆ బజారులో పాత దుకాణాల వాళ్ళందరికీ ఆమె సంగతి తెలుసు. ఆమె కనపడగానే "ఈసారి ఎన్నోదమ్మా?" అని అడిగేవాళ్ళు. రెండోది అంటే, "అయితే మళ్ళ వారం రాండ్రి" అని తమ పనిలో తాము పడిపోయేవాళ్ళు. ఒక్కరూ విసుక్కోలేదు. ఎందుకంటే మూడోసారి వస్తే ఆమె బేరమాడేది కాదు, మారు మాట లేకుండా కొనేది.

మావారిని కూడా మూడుసార్లే చూసింది. మొదటిసారి ఎవరికీ చెప్పకుండా పోయి, ఆయన ఆఫీసు గేటుకు ఎదురుగా రోడ్డు అవతల గంటసేపు నిలబడి చూసి వచ్చింది. రెండోసారి మా ఇంటికి పిలిపించి, చాయ్ ఇచ్చి, మాటల మధ్యలో "జెర గా బియ్యం బస్తా పక్కకు జరుపుతవా బాబూ" అని బస్తా జరిపించింది. మూడోసారి పండ్లూ తమలపాకులూ పట్టుకుని వెళ్ళింది, ఖాయం చేసుకుని వచ్చింది. "మీ అత్తమ్మ నన్ను సుత తిరగేసి చూసింది, అడుగున కంపెనీ పేరుందా అని" అంటూ ఆయన ఇప్పటికీ చుట్టాల దగ్గర చెప్పి నవ్విస్తారు.

బడిలో టీచరు ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో నేను ఒక చేతిగడియారం కొనుక్కున్నాను. ఎవరూ చెప్పకుండానే దాన్ని మూడుసార్లు చూశాను. మొదటి రెండుసార్లు పర్సు ఇంట్లో పెట్టి వెళ్ళాను. ఫ్రిజ్ కొనడానికి రెండు వేసవులు దాటిపోయాయి. తోటి టీచర్లు చీరల దుకాణానికి నన్ను తీసుకుపోవడం మానేశారు. నాకు లోపల గొప్పగా ఉండేది. పది మంది పడిపోయే గుంటలో నేను పడలేదని, నాకు ఒక పద్ధతి ఉందని. అది అత్తమ్మ ఇచ్చిన ఆస్తి అనుకునేదాన్ని. ఆస్తి ఇచ్చిన మనిషి మీదే దాన్ని ఝళిపిస్తానని అప్పుడు నాకు తెలియదు.

కళ్ళు మసకబారి సూదిలో దారం ఎక్కించలేని రోజు వచ్చాక అత్తమ్మ మాతో ఉండటానికి సైనిక్‌పురి వచ్చేసింది. అప్పటికి ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. మా వీధిలో రిటైరైన మిలటరీ కుటుంబాలు ఎక్కువ. పొద్దున ఆరింటికల్లా ఆడా మగా తెల్ల బూట్లు వేసుకుని చకచకా నడుస్తూ పోతుంటారు. అత్తమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని వాళ్ళ కాళ్ళను చూసేది. మొహాలు చూసేది కాదు, కాళ్ళే. ఎదురింటి మేజర్ గారి భార్యకు ఆమెకంటే రెండేళ్ళు ఎక్కువే. ఆమె వీధి చివరి పార్కు దాకా పోయి రెండు చుట్లు చుట్టి వచ్చేది. ఒకరోజు అత్తమ్మ ఆమెను ఆపి, "అమ్మా, గవి ఏస్కుంటే కాలు జారదా?" అని అడిగింది. జారదంది ఆవిడ. అత్తమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది. ఆమె జన్మంతా హవాయి చెప్పులే. ఆ జత మడమల దగ్గర అరిగి అరిగి కాగితంలా పలచబడింది. ఎడమదానికి తెగిన పట్టీ బయటికి రాకుండా అడుగున పిన్నీసు పెట్టి ఉంది. ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను. చూడలేదని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

అప్పుడప్పుడూ ఆమె, "కార్ఖానాల పాతోళ్ళను చూసొస్త" అని ఆటో మాట్లాడించుకుని ఒక్కతే పోయి మధ్యాహ్నానికి వచ్చేసేది. ఆ వానాకాలంలో ఒక నెలలో రెండుసార్లు అలా వెళ్ళింది. మూడోసారి మాత్రం, "దారం కావాలె, రెజిమెంటల్ బజారుకు పోదాం నడువు" అని నన్ను బయల్దేరదీసింది. కళ్ళు కనపడని మనిషికి దారం ఎందుకని కూడా నేను అడగలేదు. దారం కొన్నాం. తరువాత ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఒక సందులోకి తిప్పింది. అక్కడ నా చిన్నప్పటి నుంచి మాకు తెలిసిన చెప్పుల దుకాణం, అప్పట్లో తండ్రి నడిపేవాడు. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు, ఆయనకూ అరవై దాటాయి, అందరూ భాయ్ అంటారు. అత్తమ్మ మెట్టెక్కి నేరుగా లోపలికి పోయింది. అరలో బూడిద రంగు బూట్లు ఒక జత ఉన్నాయి. లేసులు కట్టే పని లేకుండా పట్టీ అంటించుకునే రకం, మెత్తటి అడుగు. వాటి మీద చెయ్యి వేసి, "ఇవి మంచిగున్నయి బిడ్డా. తీస్కుందామా?" అంది.

నాకు నవ్వు ఆగలేదు. యాభై ఏళ్ళుగా నన్ను గిల్లిన మనిషి ఈ రోజు నా చేతికి చిక్కింది. "అత్తమ్మా! ఏందిది? గిప్పుడే గదా చూసినవ్, ఇంకా రెండు చూపులున్నయి!" అన్నాను, దుకాణమంతా వినపడేలా. భాయ్ ఏదో అనబోయాడు. నేను ఆయన్ని మాట్లాడనివ్వలేదు. "మీరు ఊకోండి భాయ్, ఇది మా ఇంటి కానూన్" అన్నాను. ఇంకా చాలనట్టు ఆమె మోచెయ్యి పట్టుకుని రెండు వేళ్ళతో గిల్లాను కూడా. అత్తమ్మ నా మొహంలోకి చూసింది. చేతిని బొడ్డు దగ్గర పెట్టుకుని ఒక క్షణం అలాగే ఉంచుకుంది, నడుం నొప్పేమో అనుకున్నాను. తరువాత ఆమె కూడా నవ్వింది. "అవ్ గదా. ఇంకా రెండున్నయి. పా పోదాం" అంది. ఆటోలో వచ్చేటప్పుడు దారంతా నేనే మాట్లాడాను. ఇంటికి రాగానే ఈ సంగతి మావారికి చెప్పి మళ్ళీ నవ్వాను.

సరిగ్గా ఐదోరోజు పొద్దున వాన వెలిశాక, గేటు దగ్గర కూర్చుందామని వాకిలి మెట్లు దిగుతూ అత్తమ్మ జారి పడింది. మెట్టు తడిగా ఉంది. చెప్పు కింద పట్టు లేదు. నేను పరుగెత్తేసరికి ఆమె పక్కకు ఒరిగి పడి ఉంది. ఒక చెప్పు కాలికే ఉంది, ఇంకోటి తులసి కుండీ దగ్గర బోర్లా పడి ఉంది, పిన్నీసు పైకి కనపడుతూ. తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు. వయసు పైబడిన ఎముక, మళ్ళీ నడవడం కష్టమే అన్నారు. ఆ మాట విన్నప్పుడు కూడా నాకు ఇంకా ఆశే. బూట్లు కొని ఆమె మంచం పక్కన పెడితే, వాటిని చూసి అయినా లేస్తుందని. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే రెజిమెంటల్ బజార్‌కు పోయాను. ఎన్నో చూపు, ఏ వారం అని చూసుకోలేదు.

నన్ను చూడగానే భాయ్ నా వెనక్కి చూశాడు. "పెద్దమ్మ రాలేదా అమ్మా?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. "ఎవ్వరికి అమ్మలే. పెద్దమ్మవే అని పక్కకు పెట్టిన. మూడోసారి వచ్చి సుత కొనకుండ పోయింది, ఏమైందో అని నేనే పరేషాన్ అయిన."

"మూడోసారి ఏంది భాయ్? నాతో వచ్చిందే మొదటిసారి గదా" అన్నాను.

"లేదమ్మా. మొదలు ఒక దినం ఆటోల ఒక్కతే వచ్చింది. గా ఎదురుంగ చాయ్ హోటల్ దగ్గర నిలబడి చూసి పోయింది. నేను పిలవలే, ఆమె మూడు చూపుల తరీఖా నాకు తెల్సు గదా. ఒక వారం పోయినంక లోపలికొచ్చి ఏస్కొని చూసింది. గీ అద్దం కాడి నుంచి గా తలుపు దాంక నడిచి చూసింది. సంబురపడ్డది. 'వచ్చే వారం మా బిడ్డను తోల్కొని, పైసలు పట్టుకొని వస్త, ఎవ్వరికి ఇయ్యకు' అని చెప్పింది. అన్నట్టే మీతోని వచ్చింది. ఆ దినం నేను చెప్దామనే అనుకున్న. మీరు ఊకోమన్నరు."

కార్ఖానాలో పాతవాళ్ళను చూడటానికని ఆమె పోయింది ఇక్కడికి. ఆ రోజు బొడ్డు దగ్గర పెట్టుకున్న చేతి కింద ఉన్నది నడుంనొప్పి కాదు, పైసల సంచి. తన కోసం ఆమె మూడో చూపు దాకా తెచ్చుకున్న వస్తువు నాకు తెలిసి ఇంకోటి లేదు. నాకు బడిసంచి, నా పెళ్ళికి చీరలు, మా నాన్నకు కళ్ళద్దాలు, అమ్మకు వాన చెప్పులు, ఇవి తెలుసు. తనకోసం మాత్రం ఎప్పుడూ రెండో చూపులోనే ఆగిపోయేది. భాయ్ దుకాణంలో నిలబడి నేను పెద్దగా ఏడ్చాను. ఈసారి బజారులో ఎవరికి వినపడిందో నాకు తెలియదు. ఆయన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి దుప్పటి పైకి తీసి ఆమె కాళ్ళకు బూట్లు తొడిగాను. పగుళ్ళు పట్టిన ఆ పాదాలు వాటిలో ముడుచుకుని బాగా కుదురుకున్నాయి. "గట్టిగ పట్టుకున్నయి బిడ్డా" అంది, పడుకునే మెడ ఎత్తి చూసుకుంటూ. నేను మంచం పట్టె మీద కూర్చుని అడిగాను. ఎందుకు చెప్పలే అత్తమ్మా, ఇది మూడోదని ఒక్క మాట అంటే అయిపోయేది గదా అని. ఆమె నవ్వింది.

"నేను నేర్పిన మాట నువ్వు నాకే చెప్తివి. అబ్బ, నా బిడ్డ ఎంత మంచిగ నేర్చుకుంది, ఇగ నేను పోయినా ఏం ఫికర్ లేదు అనుకున్న. నువ్వు గంత సంబురంగ నవ్వుతుంటే నడుమల నా ముచ్చట ఎందుకని ఊకున్న. ఇంకో వారం ఆగితే ఏమైతది అనుకున్న."

ఆమె ఆరు నెలలు బతికింది. స్నానం చేయించేటప్పుడు తప్ప బూట్లు తీయనిచ్చేది కాదు. వాటి అడుగులు చివరిదాకా దుకాణంలో ఉన్నంత తెల్లగానే ఉన్నాయి. మేజర్ గారి భార్య చూడటానికి వస్తే దుప్పటి తొలగించి కాళ్ళు చూపించేది. ఆవిడ "చాలా బాగున్నాయి, లేచాక ఇద్దరం కలిసి నడుద్దాం" అనేది. నేను ఆ గదిలోంచి ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేసేదాన్ని.

ఇది జరిగి ఎనిమిదేళ్ళు. అప్పటి నుంచి నేను ఏ వస్తువునూ దుకాణంలో వదిలి రాలేను. నాకు అక్కర్లేదని తెలుసు, అయినా చూసి పక్కకు పెట్టేస్తే, దాన్ని కాక ఎవరినో వదిలేసి వస్తున్నట్టు కాళ్ళు కదలవు. అందరూ అత్తమ్మ నన్ను వెంటాడుతోంది అనుకుంటారు, మావారు కూడా. అదే అయితే నాకు ఎంత బాగుండును. ఆమె వస్తే గిల్లేది, "మళ్ళ వారం చూద్దాం పా" అని ఇంటికి తీసుకుపోయేది. దుకాణాల్లోనూ, ఫోను చేతిలో ఉన్నప్పుడూ నాకు వినపడేది నా గొంతే. యాభై ఏళ్ళు దాటిన ఒక టీచరమ్మ గొంతు, తన తెలివికి తనే మురిసిపోతూ, "ఇంకా రెండు చూపులున్నయి" అంటుంది. ఆ గొంతు ఆగాలని నేను వెంటనే కొంటాను. కొన్నాక ఒక నిమిషం ఆగుతుంది. మావారు అడిగినదానికి జవాబు ఇదే. నేను కొనేది ఆ ఒక్క నిమిషం. నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు ఆయనతో ఈ మాట చెప్పేశాను. ఆయన నా పళ్ళెంలో ఇంకో గరిటె పెరుగు వేశారు.

నా పర్సులో, నా అలమరలో, నా మేడ గదిలో ఎంత సామాను చేరినా ఆ బూట్లు ఐదు రోజులు ముందు రావు. మనం ఒక మనిషి జీవితంలోకి ఎప్పుడు తొంగి చూసినా అదే మొదలు అనుకుంటాం. అప్పటికే వాళ్ళు ఎన్నిసార్లు వచ్చి, బయట నిలబడి, వెనక్కి పోయారో అడగడం తోచదు. ఇంకో వారం ఆగితే ఏమవుతుంది అనుకుంది మా అత్తమ్మ. ఎనిమిదేళ్ళుగా గడుపుతూనే ఉన్నాను, ఆ వారం నాకు ఇంకా పూర్తి కాలేదు.